మా చిన్నాయనకు 42 గంటలు కావాలి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

అయ్యా,

కర్నూలు పాతబస్తీ నుంచి రాస్తున్నాను. 2009లో గాంధీ జయంతి నాడు తుంగభద్ర, హంద్రీ కలిసి మా ఊరి మీద పడ్డాయి. ఆ రాత్రంతా మా చిన్నాయన మిద్దె మీదే ఉన్నాడు. పక్కింటి ముసలాయనను పైకి లాగబోతే చేయి జారింది. ఆయన దక్కలేదు.

ఇప్పటికీ నాలుగు చినుకులు పడితే చాలు, రేషన్ కార్డు, పొలం పాసుబుక్కు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని మిద్దె ఎక్కుతాడు మా చిన్నాయన. రాత్రిపూట ఎవరింట్లోనో ట్యాంకు నిండి నీళ్లు కారినా లేచి కూర్చుంటాడు. మొదట్లో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించాం. తర్వాత ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం, పేరెందుకులెండి. డాక్టరు గారు మంచివారే, కానీ వరండా నిండా జనం. ఐదు నిమిషాల్లో నిద్రమాత్రలు రాసిచ్చారు. ఆ ఐదు నిమిషాల్లో చిన్నాయన వరద మాటే ఎత్తలేదు. "నిద్ర పట్టడం లేదు సార్" అన్నాడంతే.

ఇలా పాత ఘోరం తాలూకు భయం మనసును వదలని జబ్బును పీటీఎస్‌డీ అంటారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దాని గురించి చదువుతుంటే ఎండీఎంఏ సంగతి తగిలింది. పేరు చూసి లేఖ పక్కన పెట్టకండి. అవును, పబ్బుల కేసుల వార్తల్లో వచ్చే ఎక్‌స్టసీ అదే. ఒకపక్క మీ ప్రభుత్వం ఈగల్ దళాన్ని పెట్టి గంజాయి, డ్రగ్స్ మీద పోరాడుతుంటే, వీడెవడో వాటినే ఆసుపత్రికి తెమ్మంటున్నాడని అనుకోకండి. నేనడిగేది అది కాదు.

1912లో జర్మనీలోని మెర్క్ కంపెనీ తయారుచేసిన మందు ఇది. 1970ల చివర్లో అమెరికాలో కొందరు మానసిక చికిత్సకులు వాడారు. 1985లో అక్కడ నిషేధించారు. మన మత్తుమందుల చట్టం, ఎన్‌డీపీఎస్, వచ్చిందీ అదే ఏడాది. ఇప్పుడిక్కడ 10 గ్రాములు మించి దొరికితే పదేళ్లకు తక్కువ కాకుండా జైలు. లేనివి కనిపించేలా చేసే సైకెడెలిక్ మందుల్లో కలిపి చెబుతారు గానీ, కళ్లముందు రంగులు కనిపించడం దీని ముఖ్యగుణం కాదు. భయం తగ్గుతుంది, ఎదుటి మనిషి మీద నమ్మకం కలుగుతుంది. తలుచుకుంటేనే వణుకు పుట్టే రాత్రిని ఆ కొన్ని గంటలు వణకకుండా చెప్పుకోగలుగుతారు. బీపీ, గుండె వేగం పెరుగుతాయి కాబట్టి సొంతంగా మింగే మందు మాత్రం కాదు.

పీటీఎస్‌డీకి ఈ మందు ఇచ్చి చూసిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2023లో వచ్చాయి, చూడండి. 104 మందిని తీసుకున్నారు. మందు ఇచ్చినవాళ్లలో 71 శాతం మందికి చివర్లో పీటీఎస్‌డీ లేదని తేలింది. అందరూ ఈ అంకె దగ్గరే ఆగిపోతున్నారు. నాకు పక్క అంకె ముఖ్యం. మందు లేని ఉత్త మాత్ర ఇచ్చినవాళ్లలో కూడా 48 శాతం మంది బయటపడ్డారు! ఎట్లా? వాళ్లకూ అదే కూర్చోబెట్టడం, అదే మాట్లాడించడం జరిగింది. ఎనిమిదేసి గంటల సిట్టింగులు మూడు, పక్కన ఇద్దరు థెరపిస్టులు. ముందూ వెనకా గంటన్నర చొప్పున మరో పన్నెండు సిట్టింగులు. లెక్కేస్తే 42 గంటలు. మా చిన్నాయనకు దొరికింది ఐదు నిమిషాలు.

ఆ మందుకు ఇంకా పూర్తి ఆమోదం లేదు. ఆస్ట్రేలియా 2023 జులై నుంచి అనుమతి ఉన్న సైకియాట్రిస్టులను మాత్రం రాయనిస్తోంది. అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఆగస్టులో కాదంది, ఇంకో ప్రయోగం చేసి రమ్మంది. ప్రయోగంలో ఉన్నవాళ్లు తమకిచ్చింది అసలు మందో కాదో చాలామంది కనిపెట్టేశారు, అలాంటప్పుడు అంకెల్ని ఎంత నమ్మాలన్నది వాళ్ల అనుమానాల్లో ఒకటి. న్యాయమైన అనుమానమే. మందు సంగతి తేలేదాకా ఆగుదాం. మనిషిని కూర్చోబెట్టి మాట్లాడించడానికి ఏ చట్టం అడ్డం?

కర్నూలు మెడికల్ కాలేజీ సైకియాట్రీ విభాగంలో వారానికి ఒకరోజైనా ఇందుకోసమే ఓపీ పెట్టించండి. క్లినికల్ సైకాలజిస్టులను వేసి, ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ చేదు జ్ఞాపకాన్ని తలుచుకోనిచ్చే చికిత్స) లాంటి పద్ధతుల్లో శిక్షణ ఇప్పించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సిఫారసు చేసిన పద్ధతి అది. దానికి ఏ మాత్రా అక్కర్లేదు. బెంగళూరులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్ మాకు దగ్గరే అంటారు గానీ, కూలికి పోయేవాడు వారం వారం పోయి రాగలడా? 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక సాయం లైను టెలి మానస్ వాళ్లు ఓపిగ్గానే మాట్లాడతారు. కానీ ఈ పని ఫోన్లో అయ్యేది కాదు.

ఇంకో మాట. వరద తర్వాత నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు గోడలు, బియ్యం, బీరువా, ఎనుము అన్నీ రాసుకున్నారు. నిద్రకు గడి లేదు. వరదైనా, బస్సు ప్రమాదమైనా, మూడు నెలల తర్వాత ఆశా కార్యకర్తను ఇంటికి పంపి నాలుగు ప్రశ్నలు అడిగించడానికి పెద్ద ఖర్చేం కాదు.

ఎన్‌డీపీఎస్ చట్టం ఎనిమిదో సెక్షన్ వైద్యానికీ పరిశోధనకూ దారి వదిలిపెట్టింది. రేపు కేంద్రం అనుమతితో మన దేశంలో ఎండీఎంఏ ప్రయోగం జరిగితే, అందులో రాయలసీమ నుంచి ఒక ప్రభుత్వ కాలేజీ ఉండేలా ఇప్పుడే అడిగిపెట్టండి. అప్పటికి ఇక్కడ శిక్షణ పొందిన మనుషులుంటేనే అడిగే అర్హత ఉంటుంది.

ఓపీ మొదలైతే మొదటి చీటీ మా చిన్నాయన పేరున నేనే రాయిస్తాను. వానాకాలంలో మాత్రం మొదలుపెట్టకండి. వాన పడే రోజు ఆయన మిద్దె దిగడు.

ఇట్లు,
కర్నూలు పాతబస్తీ నివాసి