రిపేర్డ్ టు బొబ్బిలి

ఒరే చిట్టీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటిపోయింది, కోప్పడకు. మూడుసార్లు మొదలెట్టి ఆపేశాను. ఇక్కడ అందరం బాగున్నాం. పాప తొమ్మిదిలోకి వచ్చింది. నాకు బదిలీ అన్నారు, ఆగింది. వానలు సరిగ్గా లేవు. మిగతావి తర్వాత. అసలు సంగతి చెప్పకపోతే నా కడుపు పగిలిపోయేలా ఉంది.

అమ్మమ్మ వీణ గుర్తుందా? మా అటక మీద దుప్పట్లో చుట్టి ఉండేది, నువ్వు దాన్ని చూసి ఎవరో పడుకున్నారని కేక పెట్టావు చూడు, అదే. పాప నేర్చుకుంటానంది. మెట్లు కదిలిపోయాయి, మేళం కట్టించాలి, అంటే మెట్లని మళ్ళీ కొత్త మైనంలో కూర్చోబెట్టించాలి. సరే అని బొబ్బిలి పక్కన గొల్లపల్లి పట్టుకెళ్ళాను. అక్కడ తరాలుగా వీణలు చేస్తారు కదా. పనస దుంగ ఒక్కటే తీసుకుని కుండ, దండి అంతా అందులోంచే తొలుస్తారు, అతుకు ఉండదు. ఏకాండి అంటారు.

ఒక పెద్దాయన వీణని ఒళ్ళో పెట్టుకుని ఇరవైనాలుగు మెట్ల కింద మైనమంతా వేలితో తడిమి చూశాడు. "ఇది మాదే బాబూ. దీన్ని ఎవులూ ఇప్పనేదు. మొదట కట్టిన మైనమే" అన్నాడు.

అదెలా? మా తాతయ్య దాన్ని బొబ్బిలిలో రిపేరు చేయించాడని కదా మా ఇంట్లో మాట! ఆయన డైరీలోనే ఉంది. కోర్టు గుమాస్తా కదా, పాలు కొన్నా ఇంగ్లీషులోనే రాసేవాడు. అమ్మమ్మ పోయేనాటికి అమ్మకి రెండేళ్ళు. తాతయ్యేమో నోరు విప్పే మనిషి కాదు. కాలేజీ రోజుల్లో ఆ డైరీ చదివి అమ్మకి అర్థమైంది ఒకటే: పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత వీణకి మరమ్మతు చేయించి ఊరుకున్నాడు అని. "మా అమ్మకి ఒక్క కొత్త వస్తువు కొనిపెట్టలేదు" అని ఎన్నిసార్లు అనేదో నువ్వూ విన్నావు.

ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తీశాను. 1964 ఫిబ్రవరి 16, ఆదివారం. "రిపేర్డ్ టు బొబ్బిలి బై మార్నింగ్ ట్రైన్. వీణ. రూ. 110."

ఆ 'టు' దగ్గర ఆగిపోయానురా. బాగుచేయడమైతే 'టు' ఎందుకు? పొద్దుటి రైలెందుకు? తాతయ్య డిక్షనరీయే, అట్ట ఊడిపోయింది, తెరిచాను. రిపేర్ అని రెండుసార్లు ఉంది, రెండూ వేర్వేరు మాటలు! ఒకటి మనకి తెలిసిందే, లాటిన్ 'రెపరారే', తిరిగి సిద్ధం చేయడం. రెండోది 'రెపాట్రియారే' నుంచి, సొంత దేశానికి తిరిగి వెళ్ళడం. అది అరిగి అరిగి ఉత్తినే ఓ చోటికి వెళ్ళడం అయింది. పాత ఇంగ్లీషులో పెద్దమనుషులు భోంచేసి వరండాకి 'రిపేర్' అవుతారట!

అంటే తాతయ్య రాసింది బొబ్బిలి వెళ్ళానని. వీణ కొన్నానని. నూటపది రూపాయలు, ఆ రోజుల్లో, ఒక గుమాస్తా! (అప్పుడు బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, మన విజయనగరం జిల్లా పుట్టింది 1979లో కదా. పక్క జిల్లాకి వెళ్ళి మరీ తెచ్చాడు.)

మనకి ఆ మాట ఇంకోలా అలవాటైపోయింది, అందుకే అమ్మని తప్పు పట్టలేను. మన ఊళ్ళో "బండి రిపేరొచ్చింది" అంటే చెడిపోయిందని. ఫేను రిపేరు అంటే తిరగట్లేదని. బాగుచేసే మాటని పాడైపోయినదానికి పెట్టేశాం. మీ నాన్నగారి కొట్టు బోర్డు, "ఇచ్చట సైకిళ్ళు రిపేరు చేయబడును" అని. రిపేరు దానంతటదే వస్తుంది కదా, మా నాన్న చెయ్యడం దేనికీ అని నువ్వు అడిగి తన్నులు తిన్నావు. నిన్న పడీ పడీ నవ్వాను తలుచుకుని.

అమ్మకి చెప్పడానికే నాకు రెండు రోజులు పట్టింది. వంటింట్లో చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. డైరీ పక్కన పెట్టి, డిక్షనరీలో ఆ చోటు చూపించాను. కళ్ళజోడు తెచ్చుకుని చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత అడిగింది చూడు, "కొత్తదా?" అని. అంతే. అరవై దాటిన మనిషి చిన్నపిల్లలా, "కొత్తదేనా?" అని మళ్ళీ. అమ్మమ్మ ఏడాదైనా సరిగ్గా వాయించుకోలేదు, అందుకే ఆ మైనం అలా… నేనింక మాట్లాడలేకపోయాను.

రాత్రి చూస్తే తాతయ్య ఫొటో తుడుస్తోంది. ఎన్నో ఏళ్ళుగా నేనే తుడిచేవాణ్ణి, నీకు తెలుసు.

నాకు ఒకటే బాధ. తాతయ్య ఉన్నప్పుడు ఒక్కసారి ఎవరైనా అడిగి ఉంటే… ఆయనైనా నోరు విప్పి…

వీణ వచ్చే బుధవారం ఇస్తామన్నారు. అమ్మ తనూ వస్తానంటోంది, రైల్లోనే వెళ్దామంటోంది, పొద్దుటి రైలే కావాలట. నువ్వు సెలవు పెట్టగలిగితే

పోస్టు డబ్బా తీసేవాడు వచ్చే వేళైంది, పాప గుమ్మంలో నిలబడి అరుస్తోంది. అమ్మకి ఫోన్ చెయ్యి, కానీ ఈ సంగతి నీకు తెలిసినట్టు చెప్పకు. తనే చెప్పాలి.

నీ
బక్కోడు