కొల్లేటి గుర్రపుడెక్కతో గ్యాసు: ముందు పక్షులు, తర్వాతే పొయ్యి

సంపాదకులకు,

కొల్లేటిలో గుర్రపుడెక్క, కిక్కిస (నీళ్లలో పొదలుగా పెరిగే రెల్లు జాతి గడ్డి) కోసి గ్యాసు తీయాలన్న మాట తరచూ వినిపిస్తోంది. తీయొచ్చు. కానీ కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్నదిగా గుర్తించిన నీటి ప్రాంతం. అక్కడ కొడవలి పడాల్సింది పక్షుల మేలు కోసమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం, అనుమతితో బయటికి తెచ్చిన అటవీ ఉత్పత్తిని చుట్టుపక్కల జనం సొంత అవసరాలకే వాడాలి, వ్యాపారానికి వాడకూడదు. అందుకే పెద్ద ఫ్యాక్టరీ మాట వదిలి, లంక గ్రామాల గోబర్ గ్యాస్ ప్లాంట్ల గురించి మాట్లాడుకోవాలి.

రోజుకు 2 ఘనపు మీటర్ల గ్యాసు ఇచ్చే ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ, అంతే నీరు కావాలి. వచ్చే గ్యాసు సుమారు 0.9 కిలోల ఎల్‌పీజీకి సమానం. పేడలో నాలుగో వంతు తగ్గించి గుర్రపుడెక్క వేయొచ్చు. దానిలో 90 శాతానికి పైగా నీరే కాబట్టి గట్టు మీద రెండు రోజులు వాడ్చాలి. వేళ్లు కోసేయాలి, లేకపోతే వాటిని పట్టుకున్న బురద తొట్టి అడుగున పేరుకుంటుంది. కాడలు, ఆకులు రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చేసి పేడనీళ్లలో కలపాలి. ముక్క పెద్దదైతే పైకి తేలి తెట్టు కడుతుంది, గ్యాసు పైకి రాదు. గ్యాసు పట్టే డ్రమ్ము పైన తేలే ప్లాంటులో ఆ డ్రమ్మును అటూ ఇటూ తిప్పితే తెట్టు విరుగుతుంది. కదలని గుమ్మటం ఉన్న దీనబంధు రకంలో ఆ వీలు లేదు, కాబట్టి గుర్రపుడెక్క వేసేచోట డ్రమ్ము రకమే మేలు. ఒకేసారి ఎక్కువ వేస్తే లోపల పులిసిపోతుంది. గ్యాసు వస్తున్నా మంట అంటుకోదు. అప్పుడు గుర్రపుడెక్క ఆపేసి, మంట కుదిరేదాకా పేడ ఒక్కటే, అదీ తగ్గించి వేయాలి.

కిక్కిస సంగతి వేరు. ముదిరిన కాడను గ్యాసు సూక్ష్మజీవులు అరిగించుకోలేవు. జర్మనీ రక్షిత పచ్చికల్లోనూ పక్షులు పొదిగి వెళ్లాకే కోత కాబట్టి అక్కడా ముదురు గడ్డే వస్తుంది. కాసెల్ విశ్వవిద్యాలయం పద్ధతిలో దాన్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి స్క్రూ ప్రెస్‌లో (మర తిరుగుతూ నొక్కి రసం తీసే యంత్రంలో) పిండుతారు. రసంతో గ్యాసు తీసి, పిప్పిని ఎండబెట్టి కాలుస్తారు. పొటాషియం, క్లోరిన్ చాలావరకు రసంలోకి పోతాయి కాబట్టి పొయ్యిలో బూడిద కరిగి గడ్డకట్టడం తగ్గుతుంది. అంత యంత్రం పెట్టలేని ఊళ్లు కిక్కిసను ప్లాంటులో వేయకపోవడమే మంచిది.

అక్టోబరు నుంచి మార్చి దాకా వలస పక్షులుంటాయి. వానాకాలంలో నీటికోళ్లు కిక్కిస పొదల్లోనే గూళ్లు కడతాయి. కాబట్టి కోతకు ఏప్రిల్, మే నెలలే అనువు. అదీ ఏటా మూడో వంతు పొద మాత్రమే. పొద మళ్లీ లేవాలంటే నీటిమట్టానికి పైన కోయాలి. నీటి అడుగున కోస్తే వేళ్లకు గాలి అందక చచ్చిపోతుంది. పడవదారి తెరవాల్సిన చోట మాత్రం అలా నీటి అడుగునే కోయాలి.

కోసింది గట్టున కుప్పపోస్తే కుళ్లి, సారమంతా తిరిగి సరస్సులోకే దిగి మళ్లీ గుర్రపుడెక్కనే పెంచుతుంది. స్లర్రీ (గ్యాసు తీశాక ప్లాంటు నుంచి బయటికొచ్చే చిక్కటి పేడనీళ్లు) కూడా అంతే: సరస్సు హద్దు బయటి వరిచేలకే పోవాలి. గుర్రపుడెక్క భారలోహాలను పీల్చుకుంటుంది కాబట్టి చేలో పోసే ముందు స్లర్రీకి ల్యాబ్ పరీక్ష చేయించాలి. కోత నెలలు, మూడో వంతు పరిమితి, స్లర్రీ పోయాల్సిన చోటు, ఈ మూడూ అనుమతి పత్రంలోనే రాయాలని అటవీ శాఖను కోరుతున్నాం.

– గోబర్ గ్యాస్ ప్లాంట్ల పనివారు, ఆకివీడు