విమానం తర్వాత, ముందు షెడ్డు సంగతి చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు చెప్పారు. 1963లో వాయుసేనలో చేరిన విమానం అది, 62 ఏళ్లు పనిచేసింది. ఆ రోజు టీవీ ముందు కూర్చుని నేను కళ్లు తుడుచుకుంటుంటే మా ఇంట్లోవాళ్లు నవ్వారు. వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా ఏళ్ల తరబడి ఆ విమానం పొట్ట కింద వెల్లకిలా పడుకుని పనిచేసినవాణ్ణి. నాకు నవ్వు రాలేదు.

అప్పటినుంచి ఒంగోలు పీవీఆర్ గ్రౌండులో మా వాకింగ్ బ్యాచ్‌లో ఒకటే మాట. మనూరికీ ఒక మిగ్ తెప్పించాలి, చర్చి సెంటర్లోనో బైపాస్ దగ్గరో ముక్కు ఆకాశంలోకి పెట్టి స్తంభం మీద నిలబెట్టాలి, రాత్రిపూట లైట్లు వేయాలి. సర్వీసు ముగిసిన విమానాలను వాయుసేన ప్రదర్శన కోసం ఇస్తుంటుంది కాబట్టి ఇదేమీ జరగని పని కాదు. రేపో మాపో ఎవరో ఒక నాయకుడు లేఖ కూడా రాస్తారు. ఆ లేఖ వెళ్లేలోపే ఈ నాలుగు మాటలు చెప్పాలని రాస్తున్నాను.

రెండేళ్ల కిందట పెళ్లికి వెళ్తూ ఒక ఊళ్లో ఆగాను. కూడలిలో మోకాలెత్తు దిమ్మె మీద పాత యుద్ధ విమానం ఉంది. ఊరి పేరు ఎందుకులెండి. దూరం నుంచి చూస్తే వెండిలా మెరుస్తోంది. దగ్గరికెళ్లి రెక్క కింద చెయ్యి పెట్టాను. రంగు బుడగలా ఉబ్బి ఉంది. బొటనవేలితో నొక్కితే పుటుక్కున పగిలి సున్నంలా తెల్లటి పొడి రాలింది. అది అల్యూమినియం కుళ్లు. ఇనుముకు ఎర్ర తుప్పు పడితే అందరికీ కనిపిస్తుంది. దీనికి లోపల పొరలు పొరలుగా లేచిపోతున్నా పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. పొట్ట కింద వాన నీళ్లు కారిపోవడానికి చిన్న చిన్న చిల్లులుంటాయి. ప్రతి జనవరి 26కీ, ఆగస్టు 15కీ వేసిన రంగుతో వాటిని పూడ్చేశారు. లోపలికి పోయిన నీళ్లు లోపలే ఉండిపోతున్నాయి. వెనక గొట్టం నిండా పావురాల పుల్లలు. ముక్కు దగ్గర పొడుచుకొచ్చిన పిటాట్ గొట్టానికి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ తాడు కట్టి ఉంది. గాలి వేగం కొలిచే ఆ గొట్టానికి దుమ్ము పడుతుందేమోనని మేం ఎర్ర రిబ్బన్ వేలాడే తొడుగు వేసి కాపాడేవాళ్లం. పెళ్లి భోజనం సరిగా తినలేకపోయాను.

తప్పు ఆ ఊరివాళ్లది మాత్రమే అనను. విగ్రహాన్ని చూసే కళ్లతోనే విమానాన్నీ చూస్తున్నాం. సిమెంటు విగ్రహానికి ఏడాదికోసారి రంగేస్తే సరిపోతుంది. విమానంలో అల్యూమినియం ఉంది, ఉక్కు బోల్టులున్నాయి, మెగ్నీషియం భాగాలున్నాయి, రబ్బరుంది, కాక్‌పిట్ మీద ప్లాస్టిక్ అద్దం ఉంది. ఉక్కూ అల్యూమినియం ఒకదాన్నొకటి అంటుకునే చోట తడి చేరితే, అదీ ఉప్పు తడి అయితే, అల్యూమినియం కరిగిపోతుంది. ఎండకు అద్దం పసుపెక్కి సన్న చీలికలు తేలుతుంది. బరువంతా ఏళ్ల తరబడి టైర్ల మీదే ఉంటే అవి పగులుతాయి, అందుకే కింద స్టాండు పెట్టి బరువు దాని మీదకు మార్చాలి. రంగు వేయడానికి ముందు పాత రంగంతా గీకి, కుళ్లు తీసేసి, ప్రైమర్ కొట్టాలి. కుళ్లు మీద రంగు వేయడం పుండుకు పట్టుబట్ట కట్టినట్టే.

రివెట్ల సంగతి ఒకటి చెప్పాలి. కొన్ని రకాల రివెట్లను కొలిమిలో కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో దాస్తారు. బయటికి తీసిన కాసేపట్లోనే కొట్టేయాలి, ఆలస్యమైతే గట్టిపడి పనికిరావు. సర్వీసులో కొత్తగా చేరినప్పుడు నేను ఆ ఫ్రిజ్ తెరిచి చల్లటి నీళ్ల సీసా కోసం వెతికాను. మా సార్జంటు తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తు. ఇలాంటివి విమానం పక్కన నిలబడి, చెయ్యి పెట్టి చూపిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు. ఇరవై అడుగుల ఎత్తున స్తంభం మీద పెడితే వాళ్లకు కనిపించేది విమానం కడుపు మాత్రమే.

బాగుచేయడం మనకు చేతకాక కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కాన్పూరులో బి-24 లిబరేటర్ బాంబర్లను మళ్లీ ఎవరూ వాడకుండా చితక్కొట్టి వదిలిపోయారు. ఆ తుక్కులోంచి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు ఒక్కొక్కదాన్నే ఎగిరేలా చేసి బెంగళూరు తీసుకెళ్లి బాగుచేశారు. 1968 దాకా అవి మన వాయుసేనలో పనిచేశాయి. ఇవాళ బ్రిటన్‌లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో, అమెరికాలో పీమా మ్యూజియంలో జనం టిక్కెట్టు కొని చూస్తున్న లిబరేటర్లు మన దగ్గర్నుంచి వెళ్లినవే. ఢిల్లీ పాలం మ్యూజియంలో గుడ్డ తొడిగిన రెక్కల వాపిటి విమానం ఉంది. 1933లో మన వాయుసేన తొలి స్క్వాడ్రన్ మొదలైంది ఆ రకం విమానాలతోనే. దాన్ని ఆరుబయట వదిలేయలేదు, హ్యాంగర్లో పెట్టారు.

విశాఖ బీచ్‌లో టీయూ-142 లేదా అని అడుగుతారు. ఉంది, వెళ్లి చూడండి, లోపలికి ఎక్కి చూడండి. నౌకాదళంలో 29 ఏళ్లు పనిచేసి 2017లో రిటైరైన విమానం. విశాఖ దాకా తనే ఎగిరొచ్చింది. అక్కడ భాగాలు విడదీసి, బీచ్ రోడ్డుకు తెచ్చి మళ్లీ బిగించారు. అయితే అక్కడ ఊరి నిండా నౌకాదళం ఉంది, ఎదురుగా కురుసుర జలాంతర్గామి ఉంది, రోజూ వచ్చే సందర్శకులున్నారు, టిక్కెట్టు డబ్బులున్నాయి. మనకేముంది? కొత్తపట్నం సముద్రం ఒంగోలుకు ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. ఆ ఉప్పుగాలి మా ఇంటి గేటునే తినేస్తోంది.

అందుకే నేననేది మన ప్రకాశం జిల్లాలోని దొనకొండ. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది, కంపచెట్ల మధ్య పడి ఉంది. రాజధాని అన్నారు, పారిశ్రామిక హబ్ అన్నారు, విమానాశ్రయం అన్నారు, ఆ ఊరివాళ్లు అన్నీ విన్నారు. జిల్లాలో పడమటి వైపు ఎంత పొడి నేలో చెప్పక్కర్లేదు. మనిషికి శాపమైన ఆ కరువే లోహానికి మేలు. అమెరికావాళ్లు పాత సైనిక విమానాలను వేల సంఖ్యలో అరిజోనా ఎడారిలో ఊరికే నిలబెట్టుకోలేదు, అక్కడి గాలిలో తడి లేదు కాబట్టి నిలబెట్టారు. మన జిల్లాలో అలాంటి గాలి ఉన్నచోటే పాత రన్‌వే కూడా ఉండటం మన అదృష్టం.

అంత దూరం ఎవరొస్తారని మా బ్యాచ్‌లో ఒకాయన అడిగారు. దొనకొండకు రైలుంది. రాకెట్ చూడటానికి నెల్లూరు, ఒంగోలు నుంచి జనం శ్రీహరికోటకు బస్సులు కట్టించుకుని పోతున్నారు. 2022 డిసెంబరు 29న కొరిశపాడు దగ్గర హైవే రన్‌వే మీదికి సుఖోయ్ యుద్ధ విమానాలు ట్రయల్‌కు వచ్చినప్పుడు మా మనవణ్ణి తీసుకెళ్లాను. చెవులు మూసుకుని ఏడుస్తాడేమో అనుకున్నా. వాడు మాత్రం ‘తాతా, ఇంకోసారి రమ్మను’ అన్నాడు.

కాబట్టి వాయుసేనకు లేఖ రాసేవారికి నా విన్నపం. లేఖతోపాటు షెడ్డు ఎస్టిమేటు జత చేయండి. నాలుగు వైపులా గాలి ఆడే రేకుల షెడ్డు చాలు. ఏసీ అక్కర్లేదు, గ్రానైటూ అక్కర్లేదు. విమానాన్ని నేల మీదే ఉంచండి, చుట్టూ నడిచేందుకు దారి వదలండి. ఏడాదికి ఇంత అని నిర్వహణ ఖర్చు బడ్జెట్లో చూపించండి. పనికి టెండర్ పిలిచి రంగుల కాంట్రాక్టరుకు అప్పజెప్పకండి. ఐటీఐ ఫిట్టర్ ట్రేడు పిల్లలను బ్యాచ్‌లవారీగా పంపండి, ఒక్కో ప్యానెల్ విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించడం వాళ్లే చేస్తారు. నేర్పడానికి నాలాంటి మాజీ ఎయిర్‌మెన్ ఈ జిల్లాలో ఉన్నారు. నా వరకు జీతం వద్దు. ఒంగోలు నుంచి దొనకొండకు బస్సు ఛార్జీ, మధ్యాహ్నం భోజనం ఇస్తే వారానికి రెండు రోజులు వస్తాను. మోకాళ్లు సహకరించడం లేదు కాబట్టి విమానం కింద పడుకునే పని మాత్రం పిల్లలే చేయాలి.

ఇట్లు,
ఒక మాజీ వైమానిక సైనికుడు,
ఒంగోలు