మూకీ బొమ్మను పరిగెత్తించకండి

సంపాదకుడు గారికి,

మన పట్టణంలో జరిగిన మూకీ చిత్రాల ప్రదర్శన గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక ఉండబట్టక రాస్తున్నాను. ప్రేక్షకులు కడుపుబ్బ నవ్వారని రాశారు. నవ్విన మాట నిజమే. ఎక్కడ నవ్వారో మాత్రం రాయలేదు.

చాప్లిన్ 'ది కిడ్' (1921)లో అనాథాశ్రమం వాళ్లు పిల్లవాణ్ణి లాక్కెళ్లి బండిలో పడేస్తారు. వాడు చేతులు చాచి ఏడుస్తాడు. చాప్లిన్ ఇళ్ల కప్పుల మీదుగా పరిగెత్తి, బండిలోకి దూకి, వాణ్ణి గుండెలకు హత్తుకుంటాడు. సరిగ్గా అక్కడే మన హాలు గొల్లుమంది! తప్పు జనానిది కాదు. బొమ్మను పరిగెత్తించారు. పసివాడి ఏడుపు కుప్పిగంతులా కనిపించింది.

ఇరవై ఆరేళ్లు సినిమా హాల్లో ఆపరేటర్‌గా పనిచేసినవాణ్ణి. మూకీల కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవారు, సెకనుకు సుమారు 16 నుంచి 20 ఫ్రేములు. టాకీలు వచ్చాక అది 24 దగ్గర స్థిరపడింది. 16తో తీసిన మూడు నిమిషాల దృశ్యాన్ని 24తో వేస్తే రెండు నిమిషాల్లో ముగుస్తుంది. తరుముకునే దృశ్యాలకు ఆ నటులే కావాలని వేగం పెంచుకునేవారు, అది వేరు సంగతి. కన్నీళ్లకు ఎవరూ పెంచలేదు. విరామంలో వెళ్లి చెబితే నిర్వాహకులు "పాత సినిమాలు అంతే కదండీ" అన్నారు.

కాదు, పాత సినిమాలు అంత తేలికవి కావు. 1928 నాటి ఒక చిత్రంలో ఇంటి ముందు గోడ మొత్తం మీదికి కూలుతుంటే మూకీల హాస్యనటుడు బస్టర్ కీటన్ ముఖం చలించకుండా నిలబడ్డాడు. కిటికీ ఖాళీ సరిగ్గా ఆయన నిలుచున్న చోటికి వచ్చింది కనుక బతికాడు. అంతకు నాలుగేళ్ల ముందు మరో చిత్రంలో రైల్వే నీటి ట్యాంకు ధార మీద పడి ఆయన మెడ ఎముక విరిగింది. ఆ సంగతి ఏళ్ల తరువాత డాక్టరు చెబితే గాని ఆయనకే తెలియలేదు. అటువంటి శ్రమను మీ విలేకరి 'కింద పడి లేచే హాస్యం' అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఆ సాయంత్రం వేదిక మీద ఉపన్యాసాలకూ శాలువాలకూ గంటన్నర పట్టింది. బొమ్మ సరిగా ఉందో లేదో ముందుగా వేసి చూసినవారు ఒక్కరూ లేరు. సాంస్కృతిక శాఖ అధికారులు ఉపన్యాసాలు కాగానే లేచి వెళ్లిపోయారు. ఏ ఉత్సవంలోనైనా ఇదే వరస. తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య నాయుడు గారి పేరిట అవార్డు పెట్టుకున్నాం. ఆయన కుమారుడు ప్రకాశ్ తీసిన మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ'ను చూద్దామంటే నేడు ప్రతి లేదు. పోయింది ఎలాగూ పోయింది, చేతిలో ఉన్నదాన్నయినా మర్యాదగా చూపించలేమా?

వచ్చే నెల కీటన్ చిత్రం వేస్తామని ప్రకటించారు. ముందు రోజు హాలు తాళం తీయించండి. నేను వచ్చి కూర్చుని వేగం సరిచూసి వెళతాను. పైసా అక్కరలేదు.

– ఒక విశ్రాంత ఆపరేటర్