అత్తయ్య నొప్పిని నమ్మినవాళ్ళకి

ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం వైపున్న మనవాళ్ళందరికీ నమస్కారం. మా అత్తయ్య ఇప్పుడు రాత్రిళ్ళు నిద్రపోతోంది. అందుకు కారణమైనవాళ్ళకి నలుగురి ముందూ దండం పెట్టుకోవాలనిపించి రాస్తున్నాను.

అత్తయ్యకి చాలా ఏళ్ళుగా షుగర్. అరికాళ్ళకి కారం రాసినట్టు మంట. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేది. ఒకచోట చూపిస్తే వయసు కదా అన్నారు, ఇంకోచోట నొప్పి బిళ్ళలు రాశారు. నరాల మంటకి ఆ బిళ్ళలు పెద్దగా పనిచేయవనీ, షుగర్ ఉన్నవాళ్ళు అదేపనిగా మింగితే కిడ్నీలకి ప్రమాదమనీ బరంపురం వెళ్ళాకే తెలిసింది.

అక్కడి డాక్టరు గారు ముందు అత్తయ్య చెప్పేది పూర్తిగా విన్నారు. అత్తయ్యకి ఒడియా బజారు మాటల వరకే వచ్చు. నాది ఆంధ్రాలో పాతపట్నం, నా ఒడియా అంతకన్నా తక్కువ. అక్కడున్న తెలుగు నర్సమ్మ డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్ళకుండా పక్కనే నిలబడి అన్నీ ఆయనకి చెప్పింది. డాక్టరు గారు కళ్ళు మూయించి, పాదాల మీద దూది, సన్నటి ప్లాస్టిక్ దారం ఆనించి స్పర్శ ఎంతవరకు ఉందో చూశారు. ఈసీజీ తీయించారు. కంట్లో నీటికాసులు (గ్లాకోమా) ఉన్నాయా, మూత్రం సాఫీగా వస్తోందా అని కూడా అడిగి, అప్పుడు అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు, రాత్రి ఒకటి రాశారు.

ఇంటికొచ్చాక బంధువులొకరు ఫోన్లో చూసి అది డిప్రెషన్ మందన్నారు. "నాకు పిచ్చనుకుంటున్నారా?" అని అత్తయ్య ఏడ్చేసింది. ఆ సాయంత్రం మా వీధి మందుల షాపు అన్నయ్య చేసిన మేలు మరువలేను. ఆవిడని కూర్చోబెట్టి, డిప్రెషన్‌కైతే 75 మిల్లీగ్రాములు, ఆపైన కూడా ఇస్తారని, నరాల నొప్పికి ఇలా కొద్దిగానే మొదలుపెడతారని చెప్పాడు. నొప్పిని అణచమని మెదడు వెన్నుపాముకి సంకేతాలు పంపుతుందట. వాటిని మోసే రసాయనాలైన సెరటోనిన్, నార్‌అడ్రినలిన్‌లని ఈ మందు పెంచుతుందట. "నొప్పి నిజమే పిన్నీ, మందూ నొప్పికే" అన్నాడు. ఆ మాటకి అత్తయ్య ముఖం తేటపడింది.

మొదట్లో నోరెండిపోయేది, పొద్దున్న మత్తుగా ఉండేది. గుణం కనబడడానికి కొన్ని వారాలు పట్టింది. ఈలోగా ఆపేయమన్నవాళ్ళకి లోటు లేదు. డాక్టరుని అడక్కుండా ఒక్కసారిగా ఆపకూడదని అన్నయ్య ముందే హెచ్చరించడంతో కొనసాగించాం. మోతాదు డాక్టరు గారే మెల్లగా పెంచారు. మంట పూర్తిగా పోలేదు. కానీ సాయంత్రాలు మహేంద్రతనయ నది గట్టుదాకా నడిచొస్తోంది. నాకు అదే చాలు.

ఇది చదివి ఎవరూ సొంతంగా కొనుక్కోవద్దు. గుండె జబ్బు, నీటికాసులు, ప్రొస్టేట్ సమస్య ఉన్నవాళ్ళకి ఈ మందు ప్రమాదం కావచ్చు. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు వాడుతుంటే డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

డాక్టరు గారికి, షాపు అన్నయ్యకి నేరుగా చెప్పుకున్నాం. నర్సమ్మ మాత్రం పేరు అడిగేలోపే వెళ్ళిపోయింది. బరంపురంలో ఆవిడ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ పోస్టు చూపించండి. పర్లాకిమిడి నుంచి వచ్చిన, కాళ్ళ మంటల పెద్దావిడ అంటే గుర్తుపడుతుంది.