కెమెరా సంగతి తర్వాత, ముందు కింద కూర్చోండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పిల్లల ఆటల పోటీలకు వెళ్లే తల్లిదండ్రులు ఫొటోలు ఎలా తీసుకోవాలో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. అందులో మూడొంతులు ఏ కెమెరా కొనాలి, ఏ లెన్సు కొనాలి అన్నదానికే సరిపోయింది. మిగిలిన కాస్తలో "పిల్లల్ని నవ్వమనండి, కెమెరా వైపు చూడమనండి" అని రాశారు. ఆ సలహా చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఆడుతున్న పిల్లని కెమెరా వైపు చూడమంటే అది ఆట ఫొటో ఎలా అవుతుందండీ? బంతి మీదికి వస్తుంటే ఆ పిల్ల మనల్ని చూసి పళ్లు ఇకిలించాలా?

నేను వృత్తి ఫొటోగ్రాఫర్‌ని కాదు. మా పిల్లలు ఎక్కడ ఆడితే అక్కడికి వెళ్లి, గీత బయట కూర్చుని, వాళ్లవీ వాళ్ల జట్టు పిల్లలవీ ఫొటోలు తీస్తూ వస్తున్న మనిషిని. నేను చెప్పేది ఒక్కటే. ఇలాంటి ఫొటో బాగా వచ్చిందా లేదా అన్నది చాలావరకు మనం ఎక్కడ కూర్చున్నాం, ఎంతసేపు నోరు మెదపకుండా ఉన్నాం అన్న రెండింటి మీదే ఉంటుంది. కెమెరాకి పని పడేది ఆ తర్వాతే.

ముందు కూర్చోవడం గురించి. గ్రౌండ్ పక్కన ఫొటోలు తీసే పెద్దవాళ్లను ఒకసారి గమనించండి, అందరూ నిలబడి తమ కళ్ల ఎత్తు నుంచే తీస్తుంటారు. ఎనిమిదేళ్ల పిల్లాడు మన ఛాతీ దాకా వస్తాడేమో. అంత పైనుంచి తీస్తే నడినెత్తి, టోపీ, చుట్టూ బోలెడంత నేల, ఇవే పడతాయి. అదే కింద కూర్చుని కెమెరాని పిల్లాడి ఛాతీ ఎత్తుకు తెస్తే టోపీ కింద దాక్కున్న ముఖం బయటికొస్తుంది, ఎగిరితే నిజంగా ఎగిరినట్టుంటుంది, వెనకాల నేలకు బదులు దూరంగా చెట్లో ఆకాశమో వస్తాయి. బట్టలు మట్టి అవుతాయి, కానివ్వండి.

వెనకాల ఏముందన్నది కూడా ముందే చూసుకోవాలి. ఆట మొదలవకముందే గ్రౌండ్ చుట్టూ ఒక రౌండు వేసి, ఏ వైపు నుంచి చూస్తే పార్క్ చేసిన బండ్లు, ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ల సీసాలు, ఎవరివో కాళ్లు కనిపించవో ఆ చోటు చూసిపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. పిల్లలకు, వెనకాల ఉన్నవాటికి మధ్య దూరం ఎంత ఎక్కువుంటే ఆ వెనకభాగం అంత బ్లర్ అవుతుంది, మామూలు లెన్సుతోనైనా సరే.

చోటు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక పాత ఫొటో ఉంది. 1965 మే 25న అమెరికాలోని లూయిస్టన్‌లో మహమ్మద్ అలీకీ సోనీ లిస్టన్‌కీ బాక్సింగ్ పోటీ జరిగింది. కిందపడ్డ లిస్టన్ మీద నిలబడి అలీ గద్దిస్తున్న ఆ రంగుల ఫొటో మీ పాఠకుల్లో చాలామంది ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. తీసింది స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ఫొటోగ్రాఫర్ నీల్ లీఫర్, అప్పటికి అతనికి 22 ఏళ్లు. ఈసారి ఆ ఫొటో కనపడితే అలీ కాళ్ల మధ్యలోంచి చూడండి, రింగుకి అవతల ఇంకో ఫొటోగ్రాఫర్ కనిపిస్తాడు. ఆయన హెర్బ్ షార్ఫ్‌మన్, అదే పత్రిక తరఫున వచ్చినవాడు, లీఫర్ కన్నా వయసులో, అనుభవంలో పెద్ద. ఆ క్షణంలో ఆయనకు దక్కింది అలీ వీపు. రింగు పక్కన సీట్లు మార్చుకునే వీల్లేదు కాబట్టి ఆయన చేయగలిగిందేమీ లేదు. మనకు ఆ ఇబ్బంది లేదు, మొదటి సగం ఒకవైపు, రెండో సగం ఇంకోవైపు కూర్చోవచ్చు. అయినా వెళ్లి అందరూ కూర్చున్న నీడలోనే కూర్చుంటాం.

నీడ అన్నాను కదా, వెలుతురు గురించి కూడా ఒక మాట. మిట్టమధ్యాహ్నం ఎండలో టోపీ కింద కళ్లు నల్లటి గుంటల్లా పడతాయి, దానికి పెద్దగా మందు లేదు. పొద్దున్నో సాయంత్రమో అయితే హాయి. మబ్బు పట్టిన రోజు ఇంకా మంచిది, ముఖమంతా సమానంగా వెలుతురు పడుతుంది, పిల్లలు కళ్లు చిట్లించరు. ఎండ పిల్లల వెనక నుంచి వస్తుంటే ముఖాలు చీకటైపోతాయి, అప్పుడు కెమెరాలోనో ఫోన్‌లోనో ఎక్స్‌పోజర్, అంటే ఫొటో ఎంత వెలుతురుగా రావాలన్నది, కాస్త పైకి జరపాలి, ఆకాశం తెల్లబడినా నష్టం లేదు. ఫ్లాష్ మాత్రం వద్దు. కొన్ని మీటర్లు దాటితే అది పనిచేయదు, పైగా బంతి అందుకోబోయే పిల్ల కళ్లల్లో కొడుతుంది.

ఇక నోరు మెదపకపోవడం. పిల్లలు కెమెరాని పట్టించుకునేది మొదటి కాసేపే. మనం ఒకేచోట కదలకుండా కూర్చుంటే ఆటలో పడి మనల్ని మర్చిపోతారు, అసలు ఫొటోలు అప్పుడే మొదలవుతాయి. "చిన్నీ, ఇటు చూడు!" అని ఒక్క కేక వేస్తే చాలు, అంతా పోయింది. చిన్ని ఒక్కతే కాదు, చుట్టుపక్కల పిల్లలు నలుగురూ ఆట ఆపి వేళ్లతో వి గుర్తు చూపిస్తారు. ఒక చేత్తో కెమెరా పట్టుకుని మరో చేత్తో "ఎడమకి పో, ఎడమకి పో" అని కోచింగ్ ఇచ్చే నాన్నలూ ఉన్నారు. పాపం, ఆ పిల్లాడు బంతి వైపు చూడాలా, కోచ్ వైపు చూడాలా, నాన్న వైపు చూడాలా? ఆ టెన్షనే ఫొటోలో పడుతుంది.

ఎప్పుడు నొక్కాలన్నది నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం, కొంచెం ఓపిక పట్టండి. పరుగు పందెం ఫొటోల్లో పిల్లలు చాలాసార్లు నిలబడిపోయినట్టు కనిపిస్తారు. ఒక కాలు నేలకు ఆనించి ఒంటి బరువంతా దాని మీద మోపిన క్షణంలో బటన్ నొక్కడం వల్ల వచ్చే తంటా అది. రెండు కాళ్లూ గాల్లో ఉండే క్షణం అడుగడుక్కీ వస్తుంది గానీ రెప్పపాటు కూడా ఉండదు. దాన్ని చేత్తో పట్టలేం, బటన్ నొక్కి పట్టుకుంటే వరసగా ఫొటోలు తీసే బరస్ట్ పెట్టుకోవాలి. అలాగని ఆట మొదలైనప్పటి నుంచి బటన్ మీద వేలు తీయకుండా ఉంటే ఫొటోల్ని కార్డులోకి ఎక్కించేలోపు దాచుకునే బఫర్ నిండిపోయి సరిగ్గా గోల్ పడే సమయానికి కెమెరా మొరాయిస్తుంది. చిన్న చిన్న బరస్ట్‌లు, కాలు లేచే ముందే మొదలుపెట్టాలి. బాస్కెట్‌బాల్, వాలీబాల్, హైజంప్ లాంటివాటిలో ఒక వెసులుబాటుంది. ఎగిరిన పిల్ల పైకి వెళ్లడం అయిపోయి కిందికి దిగడం మొదలయ్యే ఆ కొసన పైకీ కిందికీ వేగం దాదాపు సున్నా. ఆ కొసన నొక్కితే మామూలు కెమెరాతో కూడా స్పష్టంగా వస్తుంది, జుట్టు మాత్రం ఇంకా పైకే లేచి ఉంటుంది.

ఇదంతా కుదరాలంటే ఆట తెలియాలి. కార్నర్ కిక్ కొట్టేటప్పుడు బంతి కొట్టేవాడి మీద కన్నా అది పడబోయే చోట గుమిగూడిన పిల్లల మీద కెమెరా ఉండాలి. షటిల్ ఆడే పిల్ల స్మాష్ కొట్టే ముందు భుజం తిప్పుతుంది, అది చూశాక కాదు, అది వస్తుందని ముందే తెలిసి నొక్కాలి.

సెట్టింగుల దగ్గరికొస్తే, లెక్క చాలా సులువు. ఒక పిల్లాడు సెకనుకు 5 మీటర్లు పరుగెత్తుతున్నాడు అనుకుందాం. షట్టర్ సెకనులో 60వ వంతు తెరిచి ఉంటే అంతలోనే వాడు 8 సెంటీమీటర్లు జరిగిపోతాడు, ముఖం అలికినట్టే. అదే వెయ్యో వంతైతే జరిగేది 5 మిల్లీమీటర్లు. అందుకే పరిగెత్తే పిల్లలకు కనీసం 1/500, బంతి కాలికి తగిలే ఆటలకు 1/1000, బ్యాటూ రాకెట్టూ ఊగే ఆటలకు 1/2000 పెట్టుకోమంటాను. వెలుతురుని కెమెరా ఎంతగా పెంచి చూపించాలో చెప్పే ఐఎస్‌ఓని ఆటోలో వదిలేయండి, అది 3200కో 6400కో వెళ్లి ఫొటో గరుకుగా వచ్చినా కంగారు పడకండి. గరుకుగా ఉన్న ఫొటోని దాచుకుంటాం, అలికిపోయినదాన్ని ఎవరూ దాచుకోరు. ఫోకస్‌ని కదిలేవాటిని వెంబడించే మోడ్‌లో పెట్టాలి, దాన్ని కొన్ని కెమెరాల్లో ఏఎఫ్-సి అంటారు, కెనాన్‌లో సర్వో అంటారు. పగటిపూట కెమెరాతో పాటు వచ్చే మామూలు 55-250 మిల్లీమీటర్ల లాంటి జూమే చాలు. మీ వ్యాసంలో చెప్పిన ఆ బరువైన లెన్సు మంచిదే, కాదనను, కానీ అది లేదని చాలామంది తల్లిదండ్రులు అసలు ప్రయత్నించడమే మానేస్తారు.

ఇండోర్ ఆటలు మాత్రం నిజంగానే ఏడిపిస్తాయి. అక్కడ జూమ్ లెన్సు కన్నా 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు నయం. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది, జూమ్ లెన్సుకి ఎఫ్ 5.6 దగ్గర దొరికే వెలుతురుకి ఇది దాదాపు పది రెట్లు ఇస్తుంది. ఇంకో తలనొప్పి లైట్లది. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, మన కంటికి తెలియదు గానీ ఒక ఫొటో పసుపుగా, ఇంకొకటి చీకటిగా, మరొకదాంట్లో అడ్డంగా చారలు వస్తాయి. చాలా కొత్త కెమెరాల్లో యాంటీ ఫ్లికర్ అని ఉంటుంది, అది ఆన్ చేసుకోండి. వలకంచె అడ్డమొస్తే దూరం నుంచి తీయకుండా లెన్సుని దానికి దాదాపు ఆనించి, అపెర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, పూర్తిగా తెరిచి తీస్తే కంచె చాలావరకు మాయమవుతుంది. ఫోన్ అయితే లెన్సు ఆ కన్నంలోనే పట్టేస్తుంది, గోల అక్కడితో సరి.

ఫోన్ అంటే గుర్తొచ్చింది, మీ వ్యాసంలో ఫోన్ ఊసే లేదు, ఎక్కువమంది చేతుల్లో ఉండేదేమో అదే. ఫోన్‌తో దూరంగా ఉన్నవాళ్లను జూమ్ చేయడానికి ప్రయత్నించకండి. 2 ఎక్స్ లేదా 3 ఎక్స్ లెన్సు విడిగా ఉంటే అక్కడితో ఆగండి, ఆ పైన జరిగేది చాలావరకు కత్తిరించి పెద్దది చేయడమే. ఆట దగ్గరికొచ్చేదాకా ఆగండి, గీత పక్కకు ఎప్పుడో ఒకసారి వస్తుంది. వెనకభాగాన్ని ఫోనే బ్లర్ చేసే పోర్ట్రెయిట్ మోడ్ పక్కన పెట్టండి, పరిగెత్తే పిల్లల చేతులూ జుట్టూ మింగేస్తుంది. ఐఫోన్‌లో షట్టర్ బటన్‌ని ఎడమకి లాగి పట్టుకుంటే బరస్ట్ వస్తుంది. 4కె వీడియో తీసి అందులోంచి ఒక ఫ్రేమ్ తీసుకుందాం అనుకునేవాళ్లు ఉన్నారు, అలా వచ్చేది సుమారు 8 మెగాపిక్సెళ్లు, సైజుకి ఢోకా లేదు, కానీ వీడియోలో షట్టర్ తరచూ నెమ్మదిగా ఉండటం వల్ల కాళ్లూ చేతులూ అలికిపోతాయి. అన్నట్టు, ముందు లెన్సు తుడవండి.

గోల్ పడ్డ క్షణం అందరూ తీస్తారు. నా దగ్గరున్న ఫొటోల్లో పిల్లలు పదేపదే చూడమని అడిగేవి మాత్రం వేరే. గోల్ పోయాక వల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని గ్లోవ్స్ వెల్క్రో ఊడదీసి మళ్లీ అంటిస్తున్న గోల్‌కీపర్ పిల్ల. బౌండరీ దగ్గర ఏ బంతీ రాక షూ కొనతో నేల మీద గీతలు గీస్తున్న ఫీల్డర్. బౌలింగ్ వేయబోతూ నాలుక పక్కకు పెట్టి మిడిల్ స్టంప్ కేసి చూస్తున్న బక్కపిల్లాడు, చొక్కా చేతులు మోచేతులు దాటి వేలాడుతుంటాయి. బెంచీ మీద సబ్‌స్టిట్యూట్లు ఒకరి భుజం మీద ఒకరు పడి చూస్తున్న వరస. వీటిల్లో బంతి ఎక్కడా కనపడదు. కాబట్టి విజిల్ వేసినప్పుడు కెమెరా దించకండి, ముఖాలు మారేది అప్పుడే.

ఓడిపోయి ఏడ్చే పిల్లల్ని తీయాలా వద్దా అని అడుగుతుంటారు. దూరం నుంచి తీస్తాను, ఎవరికీ పంపను. కొన్నాళ్ల తర్వాత ఆ పిల్లకే చూపించి, ఉంచమంటే ఉంచుతాను, తీసేయమంటే తీసేస్తాను. అంతేగానీ ఆ సాయంత్రమే జట్టు గ్రూపులో పెట్టడం దుర్మార్గం. ఆ మాటకొస్తే గ్రూపులో వందల ఫొటోలు గుమ్మరించడమూ తగ్గాలి. పది చాలు, పక్కకు ఒరిగిన ఫొటోని నిటారు చేసి, అంచుల్లో అడ్డమొచ్చినవి కత్తిరించి పంపండి.

చివరిగా మీ పత్రికకు సంబంధించిన సంగతి. పిల్లల ఆటల వార్తలకు మీరు వేసేవన్నీ మెడల్స్ వేసుకుని వరసగా నిలబడినవే, మధ్యలో పూలదండతో పెద్దాయన, చివర సగం తెగిపోయిన పిల్లలు. ఆ ఆట ఏమిటో కింద రాస్తే తప్ప తెలియదు. వారానికి ఒక్కటైనా ఆడుతున్న ఫొటో వేయండి.

ఆ వ్యాసం కింద పాఠకుల్ని ఫొటోలు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమన్నారు. క్వాలిటీ పోకుండా ఉండటానికి అది సరైన పద్ధతే, కానీ అలా పంపితే ఫొటో ఎక్కడ తీశారో చెప్పే లొకేషన్ వివరాలు కూడా, ఫోన్‌లో అది ఆన్ చేసి ఉంటే, ఫైల్‌తో పాటే వస్తాయి. పిల్ల ముఖం, జెర్సీ మీద బడి పేరు, వీపు మీద సొంత పేరు, గ్రౌండ్ ఎక్కడుందో ఆ వివరం, ఇవన్నీ కలిపితే ముక్కూమొహం తెలియనివాళ్లకి ఎంత సమాచారం దొరుకుతుందో ఆలోచించండి. మీ వెబ్‌సైట్‌లో పెట్టేముందు లొకేషన్ తీసేస్తున్నారా? ఫ్రేములో ఉన్న మిగతా పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకున్నారా అని పంపినవాళ్లను అడుగుతున్నారా? మీ ప్రకటనలో ఈ రెండింటి ప్రస్తావనా లేదు. వచ్చే ఆదివారం ప్రకటనలో ఇవి చేర్చండి, పేరు వేయకుండా ఫొటో మాత్రమే వేయమని కోరే వీలు కూడా ఇవ్వండి. అప్పుడు నా దగ్గరున్నవాటిలోంచి, ఆ పిల్లల ఇళ్లలో అడిగి, కొన్ని నేనూ పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకుడు