వర్షపాతంతో పాటు నేల వివరాలూ ప్రజలకు చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

వాతావరణ మార్పుపై పత్రికల్లో వచ్చే వార్తలు ఎక్కువగా ఎండలు, తుపానులు, వర్షపాతం చుట్టూనే ఉంటున్నాయి. వాన ఎంత పడిందో తెలుసుకోవడం ఎంత అవసరమో, పడిన నీటిని నేల ఏం చేస్తుందో తెలుసుకోవడమూ అంతే అవసరం. ఆ సంగతి చెప్పగలిగేది భూవిజ్ఞాన శాస్త్రం. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఆపద వచ్చాక మాత్రమే ఆ నిపుణులను పిలిచే అలవాటు మారాలని, వారి పని రోజువారీ పాలనలో భాగం కావాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

2021 నవంబరు వానలను ఇక్కడివారెవరూ మరిచిపోలేదు. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందన్న భయంతో దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. ఆ రోజుల్లోనే తిరుపతిలోని ఎం.ఆర్.పల్లి ప్రాంతంలో ఒక ఇంట్లో సిమెంటు ఒరలతో భూమిలో కట్టిన నీటి సంపు, లోపల శుభ్రం చేస్తుండగానే పైకి లేచి నిలిచింది. దాన్ని వింతగా చూడడానికి జనం గుమిగూడారు. నిజానికి అందులో వింతేమీ లేదు. చుట్టూ ఉన్న మట్టి నీటితో పూర్తిగా నిండినప్పుడు లోపలి నీళ్లు తోడేస్తే సంపు బరువు తగ్గిపోతుంది, కింది నుంచి తోసే నీటి ఒత్తిడి దాన్ని పైకి ఎత్తేస్తుంది. చెరువుల్లోనూ వంకల్లోనూ వేసిన లేఅవుట్లలో నేల ఇలా నీటితో నిండడానికి మరీ ఎక్కువ అవకాశం ఉంది. ఇల్లు కట్టుకునేవారికి ఈ మాట ముందుగా చెప్పేవారు ఎవరున్నారు?

గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. అందువల్ల వాన కురిసే రోజులు పెరగకపోయినా, కురిసిన రోజున కుంభవృష్టి పడే అవకాశం పెరుగుతోంది. మన జిల్లాల్లో ఎక్కువ భాగం గ్రానైటు, నైసు రాళ్ల నేల. పైన కొద్దిపాటి మట్టి, దాని కింద శిథిలమైన గరుసు, ఆ కింద గట్టి రాయి ఉంటాయి. నీరు నిలిచేది గరుసులోనూ రాతి పగుళ్లలోనూ మాత్రమే కాబట్టి, డెల్టాల ఒండ్రు నేలలా ఇది నీటిని పెద్దమొత్తంలో దాచుకోలేదు. వారం రోజులు ముసురు పట్టి కురిస్తే నేలలోకి ఇంకే నీరు, ఒక్క పూటలో కురిస్తే వంకలు పొంగించి సముద్రం దారి పడుతుంది. నవంబరులో ముంపును చూసిన ఊరే మే నెలలో ట్యాంకరు కోసం ఎదురుచూడవలసి రావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

బోరు వేసేటప్పుడు రైతు చూపంతా బయటికి వచ్చి కుప్ప పడే పొడి మీదే ఉంటుంది. ముందు ఎర్రమట్టి, తర్వాత గరుసు, ఆ తర్వాత బూడిద రంగు రాతిపొడి వస్తాయి. పొడి తడిసి వస్తే పగులు తగిలిందన్న ఆశ, తడి లేకపోతే అప్పు చేసైనా ఇంకో వంద అడుగులు దింపించాలన్న ఆరాటం. లోతుకు వెళ్లేకొద్దీ సాధారణంగా పగుళ్లు తగ్గిపోతాయి. నేల విద్యుత్ నిరోధకతను, అంటే విద్యుత్తును నేల ఎంత అడ్డుకుంటుందో కొలిచి పగుళ్లు ఎక్కడ ఉండవచ్చో అంచనా వేసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. అది నూటికి నూరుపాళ్లు నిజం కాకపోవచ్చు గానీ, ఎండిన బోరు పక్కనే మరో బోరు వేసి దివాలా తీయడం కంటే మేలైన దారి చూపుతుంది.

శాస్త్రం రైతుకు అర్థం కాదనే మాటను నేను ఒప్పుకోను. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే భూగర్భ జలాలను నిర్వహించుకునే ప్రాజెక్టు ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 జిల్లాల్లో నడిచింది, వాటిలో చిత్తూరు ఒకటి. ఊళ్లలో రైతులే వర్షమాపకాలు చూసుకున్నారు, బావుల్లో నీటిమట్టం కొలుచుకున్నారు, రబీకి ముందు కూర్చుని ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత కావాలి అని లెక్క వేసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు, లెక్క చూసుకుని నిర్ణయం వాళ్లే తీసుకున్నారు. వాన మీద నమ్మకం సడలుతున్న ఈ రోజుల్లో ఆ పద్ధతి ప్రతి పంచాయతీకీ అవసరం.

ఇక కొండల సంగతి. తిరుమల ఘాట్ రోడ్డులో గ్రానైటు మీద క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన శిల) పొరలు కూర్చున్న చోటును భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. ఆ రెండు శిలల వయసుల మధ్య కోట్ల సంవత్సరాల అంతరం ఉంది. పొరలుగా, నిలువు పగుళ్లతో ఉన్న ఆ క్వార్ట్‌జైట్‌లోకి వాననీరు చేరినప్పుడు ఒత్తిడి పెరిగి బండలు విడిపోతాయి. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డుపై బండలు పడి రాకపోకలు ఆగిపోయాయి. అదే సర్వేక్షణ సంస్థ 2024లో కోల్‌కతాలో జాతీయ కొండచరియల ముందస్తు అంచనా కేంద్రాన్ని ప్రారంభించింది. మన జిల్లాలోని శ్రీహరికోట నుంచి 2025 జులై 30న ఎగిరిన నైసార్ ఉపగ్రహం 12 రోజులకు ఒకసారి అదే చోటికి తిరిగి వస్తూ, నేల సెంటీమీటర్ల మేర కదిలినా పసిగట్టగలదు. ఇన్ని సాధనాలు ఉన్నప్పుడు, లక్షల మంది నడిచే, ప్రయాణించే ఈ దారులకు ప్రతి ఈశాన్య రుతుపవన కాలంలోనూ చరియల ముప్పు అంచనా తెలుగులో బహిరంగంగా వెలువడాలి.

జిల్లా యంత్రాంగానికి నా విన్నపం ఇది. ప్రతి సచివాలయంలో ఆ ఊరి నేల, నీటిమట్టం, పాత చెరువులు, వంకల హద్దులు చూపే పటాన్ని గోడకు అంటించాలి. భూగర్భ నిపుణుడి అభిప్రాయం లేకుండా కొండవాలుల్లో, చెరువుల దిగువన లేఅవుట్లకు అనుమతి ఇవ్వకూడదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్ర విభాగం తిరుపతిలోనే ఉంది, కాబట్టి అక్కడి విద్యార్థులను పటాలు తయారుచేసే పనిలో, బావుల కొలతల్లో భాగస్వాములను చేయవచ్చు. ఈ పని అక్టోబరు వానలు మొదలయ్యేలోగా కొన్ని మండలాల్లోనైనా ప్రారంభించాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత భూగోళ శాస్త్ర ఉపాధ్యాయుడు,
తిరుపతి